అంకె కాదు, అద్దం చూసి కొనాలి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో తక్కువ ఖర్చుతో రైఫిల్ స్కోపు (తుపాకీ మీద బిగించి గురి చూసే దుర్భిణి) ఎంచుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. పోటీలకైనా వేటకైనా అందులో ఒకటే సలహా ఇచ్చారు. ఎంత ఎక్కువ రెట్లు పెద్దదిగా చూపిస్తే అంత మంచి స్కోపు అట, 6-24×50, అంటే ఆరు నుంచి 24 రెట్లు పెద్దదిగా చూపే స్కోపు, ఒకటి కొంటే అన్నిటికీ సరిపోతుందట. ఈ మాట నమ్మితే విశాఖలో తల్లిదండ్రుల డబ్బు వృథా అవుతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు పనికిరాని బరువు మోస్తారు. ఇక్కడ కొండల వెంట ఎయిర్‌గన్ పట్టుకుని తిరిగే కుర్రవాళ్లకు లేనిపోని ధైర్యం వస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. చోటు చాలకపోతే ఉత్తరాన్ని కత్తిరించండి, అంకెలను మాత్రం మార్చవద్దని మనవి.

నేను ఈ ఊళ్లోనే ఓడల మరమ్మతుల యార్డులో దృశ్య పరికరాల విభాగంలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. బైనాక్యులర్లు, సెక్స్‌టంట్లు, గురి చూసే దుర్భిణులు విప్పడం, లెన్సులకు పట్టిన బూజు తీయడం, చూపు పక్కకు పోకుండా అమరిక సరిచేయడం నా వృత్తి. తుపాకీ పేల్చడంలో నాకు ప్రావీణ్యం లేదు. తుపాకీ మీద కూర్చునే గొట్టం లోపల ఏముంటుందో, అది ఎక్కడ మోసం చేస్తుందో మాత్రం బాగా తెలుసు.

ముందు మన ఊరి సంగతి. మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకోవాలని ముచ్చటపడింది. తండ్రి ఒక విడిభాగాల దుకాణంలో గుమస్తా. కూతురి మీద ప్రేమతో స్తోమతకు మించి ఆన్‌లైన్‌లో పెద్ద స్కోపు ఒకటి తెప్పించి నా దగ్గరకు తెచ్చారు. "మాస్టారూ, దీన్ని తిన్నగా బిగించి పెట్టండి, వచ్చే నెల నుంచి పాప శిక్షణకు వెళుతుంది" అన్నారు. ఆ మనిషికి ఎదురుగా నిజం చెప్పడం నాకు ఎంత కష్టమైందో రాయలేను. ఆ పోటీలో స్కోపుకు చోటు లేదు.

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు గాని, మోకాలి మీద, పడుకుని, నిలబడి పేల్చే 50 మీటర్ల త్రీ పొజిషన్స్ రైఫిల్‌కు గాని దుర్భిణి లాంటి గురి పెట్టకూడదు. వెనుక ఒక చిన్న రంధ్రం, ముందు ఒక రింగు, అంతే. దాన్నే పీప్ సైట్ అంటారు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా 700.5 పాయింట్లతో స్వర్ణం గెలిచింది దానితోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ వాసి గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ, 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలె 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం సాధించిందీ దానితోనే. పది మీటర్ల లక్ష్యంలో నల్లటి వలయం మొత్తం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అంత చిన్న చుక్కను పెద్దదిగా చూపే లెన్సు ఒక్కటీ లేకుండానే ఎలా కొడతారని ఆ తండ్రి అడిగారు. షూటర్ ఆ చుక్కను చూడనే చూడరు. నల్లని గుండ్రం రింగు మధ్యలో నిలిచిందా, చుట్టూ తెల్లని అంచు సమానంగా ఉందా అన్నదే చూస్తారు. వలయాలు ఒకదానిలో ఒకటి సరిగ్గా నడిమధ్యన ఉన్నాయో లేదో మనిషి కన్ను ఆశ్చర్యపోయేంత ఖచ్చితంగా పసిగడుతుంది. వెనుక రంధ్రం మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి దగ్గరి రింగు, దూరపు గుండ్రం రెండూ చాలినంత స్పష్టంగా కనబడతాయి. సన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగుకు ఆ గుణం ఉంది.

మన దగ్గర చిన్నస్థాయి పోటీల్లో ఓపెన్ సైట్ (రంధ్రం బదులు గాడితో గురి చూసేది) విభాగం, పీప్ సైట్ విభాగం అని ఉంటాయి. పిల్లల్ని చేర్పించే ముందు ఏ విభాగంలో మొదలు పెట్టిస్తారో కోచ్‌ను అడిగితే చాలు. స్కోపుకు పెట్టే డబ్బు షూటింగ్ కోటుకో, నాణ్యమైన పెల్లెట్లకో (ఎయిర్ రైఫిల్ గుళ్లు), కోచ్ రుసుముకో పోతే పాపకు మేలు. అంతర్జాతీయ సమాఖ్య ఎయిర్ రైఫిల్ పోటీల్లో స్కోపు వాడేది కదిలే లక్ష్యాన్ని కొట్టే రన్నింగ్ టార్గెట్ విభాగంలోనే. మీ వ్యాసంలో 'పోటీలకు' అన్న ఒక్క మాట రాసి ఈ తేడా చెప్పకపోవడం వల్ల ఇంకెందరు తల్లిదండ్రులు ఇలా డబ్బు పోగొట్టుకుంటారో అన్నదే నా బాధ.

ఇక వేట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు సరదా వేట అన్నది లేదు. ఆ చట్టం షెడ్యూళ్లలో, అంటే రక్షిత జాబితాల్లో, ఉన్న జంతువునో పక్షినో చంపడమే కాదు, ఉచ్చు వేయడం, తరమడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. మొదటి షెడ్యూలులో ఉన్న చిరుతలాంటి జంతువు విషయంలో మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడుతుంది. మన ఊరిని ఆనుకునే కంబాలకొండ ఉంది. అక్కడ చిరుతలున్నాయి, దుప్పులున్నాయి. సింహాచలం కొండల వైపు, కొండకర్ల ఆవ వైపు ఎయిర్‌గన్‌తో పిట్టలను కొడుతున్న కుర్రవాళ్లను నేను కళ్లారా చూశాను. ఎయిర్‌గన్ చిన్నది కాబట్టి అది నేరం కాదని వాళ్లు అనుకుంటున్నారు. నీటి మీద వాలిన పక్షిని దగ్గరగా చూడాలన్న కోరిక నిజంగా ఉంటే 8×42 బైనాక్యులర్ కొనుక్కోండి. రెండు కళ్లతో చూస్తారు, తల నొప్పి పుట్టదు, ఎవరి వైపూ తుపాకీ గొట్టం తిరగదు. రైఫిల్ మీది స్కోపుతో 'అటు ఏముందో చూద్దాం' అని వెతకడం ఎక్కడా చేయకూడని పని. అక్కడ ఉన్నది మనిషైతే మీరు ఆ మనిషికి తుపాకీ గురిపెట్టినట్టే.

వేటకు స్కోపు అన్న ప్రశ్న చట్టం అనుమతించిన చోట్ల తలెత్తేది. మా తమ్ముడి కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ లైసెన్సు తీసుకుని, సీజనులో తెల్లతోక జింకల వేటకు మిత్రులతో వెళతాడు. సెలవు రోజుల్లో చిన్న తూటా పేల్చే .22 రైఫిల్ పోటీలకూ వెళతాడు. "పెదనాన్నా, రెండింటికీ ఒకే స్కోపు కావాలి, ఎక్కువ పెట్టలేను, ఏది కొనమంటారు?" అని ఫోను చేశాడు. మీ వ్యాసం సలహా ఇవ్వబోయింది సరిగ్గా ఇలాంటి వారికే కాబట్టి, వాడికి చెప్పినదే ఇక్కడ రాస్తాను.

స్కోపు డబ్బా మీద 3-9×40 అని ఉంటే, దృశ్యాన్ని మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దది చేస్తుందని, ముందు లెన్సు వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. ఈ రెండు అంకెలలో ఏది మీకు వెలుగునిస్తుందో తెలియాలంటే రెండో దాన్ని మొదటి దానితో భాగించాలి. 40ని 9తో భాగిస్తే 4.4. స్కోపును చేయి చాచి పట్టుకుని వెనుక లెన్సు వైపు చూస్తే ఒక తెల్లని గుండ్రం కనిపిస్తుంది. దాని వ్యాసం అన్ని మిల్లీమీటర్లు. మీ కంట్లోకి వెళ్లే వెలుగంతా ఆ గుండ్రంలోనే ఉంటుంది. మసక చీకట్లో కుర్రవాడి కనుపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, వయసు మళ్లిన వారికి ఐదు దగ్గర ఆగిపోతుంది. 3-9×40ని ఆరు రెట్ల దగ్గర పెడితే 6.7 మిల్లీమీటర్లు వస్తుంది, కంటికి నిండుగా వెలుగు. మీరు మెచ్చుకున్న 6-24×50ని 24 దగ్గర పెడితే 2.1 మిల్లీమీటర్లు. పట్టపగలు ఇనుప పలకను కొట్టడానికి అది చాలు. టెక్సాస్‌లో జింకను కొట్టడానికి చట్టం అనుమతించే వేళ సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయమైన అరగంటకు ముగుస్తుంది. జింక ఎక్కువగా బయటికొచ్చేది ఆ అంచుల్లోనే. అప్పుడు 24 రెట్లు పెట్టుకుంటే కనబడేది నల్లటి ముద్ద.

పెద్దదిగా చూపే కొద్దీ కనబడే ప్రదేశం కుంచించుకుపోతుంది. మూడు రెట్ల దగ్గర నూరు మీటర్ల దూరంలో సుమారు పదిన్నర, పదకొండు మీటర్ల వెడల్పు కనబడితే, తొమ్మిది దగ్గర సుమారు నాలుగు మీటర్లే కనబడుతుంది. పొదల మధ్య కదిలే జంతువును వెతికి పట్టుకునేందుకు మూడు, నాలుగు రెట్లే కావాలి. ఆరుతో మొదలయ్యే స్కోపులో దాన్ని దొరకబుచ్చుకునే లోపు అది వెళ్లిపోతుంది, లేదా తొందరపాటులో తప్పుడు చోట తగులుతుంది. గాయపడి పొదల్లోకి పారిపోయి రాత్రంతా బాధపడి చచ్చే జంతువు పాపం వేటగాడిదే. మావాడికి నేను మొదట చెప్పిన మాట ఇదే. స్కోపు ఎక్కువ దూరం కొట్టడానికి కాదు, ఒక్క దెబ్బతో పని ముగించడానికి. అంత నమ్మకం లేని దూరమైతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టవద్దు.

రెండో సంగతి లెన్సు పూత. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటీ తన మీద పడ్డ వెలుగులో దాదాపు నాలుగు శాతం వెనక్కి కొట్టేస్తుంది. స్కోపులో అలాంటి ఉపరితలాలు పది ఉన్నాయనుకుంటే మూడో వంతు వెలుగు దారిలోనే పోతుంది. పైగా పోయిన వెలుగు ఊరికే పోదు, గొట్టంలో అటూ ఇటూ తగిలి దృశ్యం మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. అందుకే డబ్బా మీద 'కోటెడ్' అని ఉంటే చాలదు, 'ఫుల్లీ మల్టీ కోటెడ్' అని ఉండాలి. అంటే అన్ని ఉపరితలాలకూ అనేక పొరల పూత వేశారని. ఆ మాటను గుడ్డిగా నమ్మనక్కర లేదు. దుకాణం బయటకు తెచ్చి, సాయంత్రం చెట్టు కింద నీడలో ఉన్న బెరడును చూడండి. గీతలు విడివిడిగా కనబడితే గాజు మంచిది. తెల్ల మేడ అంచు ఆకాశంతో కలిసే చోట ఊదా, పసుపు చారలు కనబడితే గాజు చౌకది. ఎండలో మెరిసే బోర్డును చూపించి అమ్మే వారిని నమ్మవద్దు, వెలుగు పుష్కలంగా ఉంటే ఏ గాజైనా బాగానే కనబడుతుంది. సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పకండి, కన్ను పోతుంది.

ఇక పారలాక్స్. నా జీవితమంతా దీనితోనే గడిచింది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. బీచ్ రోడ్డు మీద నిలబడి డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌కు అడ్డంగా బొటనవేలు పెట్టి తల కాస్త పక్కకు జరపండి. వేలు లైట్‌హౌస్ మీద నుంచి తప్పుకుంటుంది. స్కోపు లోపల అడ్డుగీతలు, లక్ష్యం ప్రతిబింబం ఒకే తలంలో పడకపోతే అదే జరుగుతుంది. కన్ను సరిగ్గా మధ్యలో లేకపోతే గురి ఒక చోట, తూటా ఇంకో చోట. సాధారణ స్కోపులో ఈ రెండూ ఒకే తలంలో పడే దూరాన్ని తయారీదారు స్థిరంగా పెట్టేస్తాడు. వేట రైఫిళ్ల స్కోపుకు మామూలుగా 100 గజాలు, .22 కోసం చేసిన దానికి 50 గజాలు. మిగతా దూరాల్లో ఎంత తప్పు రావచ్చో లెక్క కట్టడం తేలిక. ముందువైపు లెన్సు వ్యాసంలో సగం తీసుకోండి. లక్ష్యం దూరానికీ స్థిరపరచిన దూరానికీ ఉన్న తేడాతో హెచ్చించి, స్థిరపరచిన దూరంతో భాగించండి. 40 మిల్లీమీటర్ల లెన్సు, 100 గజాల దగ్గర స్థిరం, లక్ష్యం 200 గజాల్లో ఉందంటే 20 మిల్లీమీటర్లు. కన్ను పూర్తిగా అంచుకు జరిగినా వచ్చే తప్పు రెండు సెంటీమీటర్లే. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పు. అందువల్ల వేట స్కోపుకు పారలాక్స్ మరకు (ఆ స్థిర దూరాన్ని మార్చుకునే మరకు) డబ్బు పెట్టనక్కర లేదు, ఆ డబ్బు గాజుకు పెట్టాలి.

అదే స్కోపును .22 పోటీకి పట్టుకెళితే? వాడు వెళ్లే .22 పోటీల్లో లక్ష్యాలు 25 గజాల నుంచి 100 గజాల దాకా ఉంటాయి, కొన్ని బిళ్లలు అంగుళంలో సగం కూడా ఉండవు. 25 గజాల దగ్గర పై లెక్క ప్రకారం 15 మిల్లీమీటర్ల తప్పు రావచ్చు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. చేయి ఎంత నిలకడగా ఉన్నా బిళ్ల తప్పిపోతుంది, షూటర్ తనను తాను తిట్టుకుంటాడు. కాబట్టి పోటీ స్కోపుకు పక్కన పారలాక్స్ మర ఉండి తీరాలి, అది 25 గజాలకో ఇంకా దగ్గరకో రావాలి. సరదాకు ఇంట్లో 10 మీటర్ల దగ్గర పేల్చే ఎయిర్ రైఫిల్‌కు 100 గజాల స్కోపు బిగిస్తే తప్పు 18 మిల్లీమీటర్లు, దృశ్యం మసకగా కూడా ఉంటుంది. ఇక్కడ ఆన్‌లైన్‌లో దొరికే చౌక స్కోపుల్లో చాలా వాటికి ఈ దూరం ఎంతో డబ్బా మీద రాసే ఉండదు. రాయని దాన్ని కొనవద్దు.

పోటీకి గాజు కన్నా ముఖ్యమైనది క్లిక్కుల నిజాయితీ. గురిని జరిపే మర ఒక్క క్లిక్కు తిప్పితే గురి ఎంత జరగాలో పైన రాసి ఉంటుంది. ఎం.ఓ.ఏ. అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం, పావు ఎం.ఓ.ఏ. అంటే 100 గజాల దగ్గర అంగుళంలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, 100 మీటర్ల దగ్గర 7.3 మిల్లీమీటర్లు. మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు, పదో వంతు మిల్ అంటే 100 మీటర్ల దగ్గర సరిగ్గా ఒక సెంటీమీటరు. మెట్రిక్‌లో పెరిగిన మనకు మిల్ లెక్క సులువు. ఏది తీసుకున్నా అడ్డుగీతల మీది గుర్తులు, మర మీది క్లిక్కులు ఒకే లెక్కలో ఉండాలి. గీతలు మిల్‌లో, మర ఎం.ఓ.ఏ.లో ఉన్న స్కోపులు చౌకగా అమ్ముతారు, పోటీ ఒత్తిడిలో అవి మనిషిని ముంచుతాయి.

ఆ నిజాయితీని పరీక్షించడానికి తూటా ఒక్కటి కూడా ఖర్చు కానక్కర లేదు. యార్డులో మేము చేసే పద్ధతే మావాడికి చెప్పాను. ఒక చెక్కదిమ్మకు వి ఆకారంలో గాడి తీసి, అందులో స్కోపును కదలకుండా బిగించి, బరువైన బల్లకు క్లాంపుతో పట్టించాలి. 100 గజాల దూరంలో అంగుళాల గీతలున్న పెద్ద కాగితం నిలువుగా అంటించాలి. గురిని ఒక గీత మీద ఉంచి నలభై క్లిక్కులు పైకి తిప్పాలి. పావు ఎం.ఓ.ఏ. స్కోపైతే పదిన్నర అంగుళాలు జరగాలి. 'ఎం.ఓ.ఏ. అంటే అంగుళమే' అని లెక్కేసి పది అంగుళాలకే సరిపెట్టుకునేవారు చాలామంది ఉన్నారు, ఆ అర అంగుళం దగ్గరే స్కోపు నాణ్యత బయటపడుతుంది. తర్వాత నలభై క్లిక్కులు కిందికి తిప్పితే బయలుదేరిన గీత మీదికే రావాలి. కుడికీ ఎడమకూ అలాగే చేయాలి. చివరగా మర ముట్టుకోకుండా చిన్న రెట్ల నుంచి పెద్ద రెట్లకు తిప్పి చూడాలి, గీతల కేంద్రం కదలకూడదు. మావాడు అంతకు ముందు కొన్న చౌక స్కోపు నలభై క్లిక్కులకు తొమ్మిది అంగుళాలే జరిగింది, తిరిగి వచ్చేటప్పుడు మొదటి గీతకు అంగుళం దూరంలో ఆగిపోయింది. అలాంటి దానితో ఎంత సాధన చేసినా ఏం లాభం?

రెట్లు మార్చినప్పుడు అడ్డుగీతలు కూడా పెరిగి తగ్గేవి ఒక రకం, గీతలు అలాగే ఉండేవి ఇంకో రకం. మొదటి రకాన్ని ఫస్ట్ ఫోకల్ ప్లేన్ అని, రెండో దాన్ని సెకండ్ ఫోకల్ ప్లేన్ అని అంటారు. మొదటి దాంట్లో ఏ రెట్ల దగ్గరైనా గుర్తుల లెక్క నిజం. కాకపోతే చిన్న రెట్ల దగ్గర గీతలు వెంట్రుకల్లా సన్నబడి సాయంకాలం అడవిలో కనబడవు. రెండో దాంట్లో గీత ఎప్పుడూ స్పష్టంగా ఉంటుంది, గుర్తుల లెక్క మాత్రం సాధారణంగా గరిష్ఠ రెట్ల దగ్గరే నిజం. తొమ్మిది రెట్ల దగ్గర సరైన గుర్తు నాలుగున్నర దగ్గర లక్ష్యం మీద రెట్టింపు కొలతను సూచిస్తుంది. వేటకు రెండో రకం, పోటీకి మొదటి రకం అన్నది నా అభిప్రాయం.

ఎక్కువ రెట్లకు ఇంకో శత్రువు వేడిగాలి. మే నెల మధ్యాహ్నం రామకృష్ణా బీచ్ నుంచి లంగరు వేసిన ఓడను ఏడు రెట్ల బైనాక్యులర్‌తో చూస్తే పేరు చదవవచ్చు. 20 రెట్ల దుర్భిణితో చూస్తే అక్షరాలు అలలాడుతూ చెదిరిపోతాయి. గాలి చెదిరినప్పుడు దాన్ని కూడా పెద్దది చేసి చూపడం తప్ప లెన్సు ఏమీ చేయలేదు. టెక్సాస్ వేసవి మన వేసవికి తీసిపోదు.

ఇవన్నీ విన్నాక, ఒకే స్కోపు రెండు పనులూ చేయదని వాడికే అర్థమైంది. జింక రైఫిల్‌కు సాదా 3-9×40. వాడు అడిగినప్పుడు అక్కడ వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2 అయితే 200 డాలర్ల లోపు, ల్యూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ అయితే 300 డాలర్ల చుట్టుపక్కల దొరికేవి. రెండోది తేలిక, 350 గ్రాములకు మించదు. ఈ రెండు సంస్థలూ చేతులు మారిన స్కోపుకు కూడా జీవితకాల మరమ్మతు హామీ ఇస్తాయి, అందుకని పాతది కొన్నా భయం లేదు. చేతిలో డబ్బు తక్కువున్న వారికి నేను ముందు చెప్పేది అదే. నికాన్ స్కోపులు మంచివే, కాని ఆ సంస్థ 2019లో రైఫిల్ స్కోపుల తయారీ నుంచి తప్పుకుంది, పాతవి కొనేవారు మరమ్మతు సంగతి ముందే కనుక్కోవాలి. పోటీ రైఫిల్‌కు అథ్లాన్ ఆర్గోస్ బీటీఆర్ 6-24×50 లాంటిది, అప్పట్లో 400 డాలర్ల ప్రాంతంలో. ఫస్ట్ ఫోకల్ ప్లేన్, పక్కన పారలాక్స్ మర పది గజాల దాకా వస్తుంది. బరువు 800 గ్రాములు దాటుతుంది, బల్ల మీద నుంచి పేల్చే చోట అది ఇబ్బంది కాదు. చూడండి, మీ వ్యాసం మెచ్చిన 6-24×50 నిజంగా పనికొచ్చే చోటు ఇదొక్కటే. అక్కడి .22 పోటీల్లో రైఫిల్, స్కోపు కలిపి ఇంత ధర దాటకూడదన్న విభాగం కూడా ఉంది. డబ్బున్నవాడే గెలవకూడదని పెట్టిన ఆ నియమం నాకు ఎంతో నచ్చింది. మన దగ్గర చిన్న పోటీలు నిర్వహించేవారు పీప్ సైట్ల విషయంలో అలాంటి విభాగం ఒకటి పెడితే మా వీధి అమ్మాయి లాంటి పిల్లలు ముందుకు వస్తారు.

బిగింపు గురించి రెండు ముక్కలు. 300 డాలర్ల స్కోపును, దాన్ని రైఫిల్ మీద పట్టి ఉంచే 10 డాలర్ల రింగుల్లో బిగించి, గురి నిలవడం లేదని స్కోపును తిట్టేవారిని మావాడు చాలామందిని చూశాడట. రింగు మూత మరలు 15 నుంచి 18 అంగుళ-పౌండ్లు, అంటే దాదాపు రెండు న్యూటన్ మీటర్ల లోపు బిగించాలి. బలం కొద్దీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపలి మర పట్టేస్తుంది. కంటికీ వెనుక లెన్సుకీ మధ్య మూడున్నర అంగుళాల దూరం ఉండేలా అమర్చాలి. పెద్ద తూటా పేల్చే .308 లాంటి రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు దగ్గరగా పెట్టిన స్కోపు కనుబొమను చీలుస్తుంది. స్ప్రింగ్ పిస్టన్ ఎయిర్ రైఫిల్ కథ వేరు. అది మొదట వెనక్కి తన్ని, పిస్టన్ చివర కొట్టుకోగానే ముందుకు కుదుపుతుంది. వెనక్కి తన్నడానికి మాత్రమే తట్టుకునేలా చేసిన స్కోపుల్లో ఆ ముందు కుదుపుకు గీతలు ఊడి వస్తాయి. ఎయిర్‌గన్‌కు తట్టుకుంటుందని స్పష్టంగా రాసినదే కొనాలి. రింగులు కూర్చునే 11 మిల్లీమీటర్ల పట్టా మీద స్కోపు జారకుండా ఆపే పిన్ను కూడా ఉండాలి.

మన ఊరికే ప్రత్యేకమైన బాధ ఒకటుంది. సముద్రపు తేమకు ఇక్కడ లెన్సుల మీద బూజు పడుతుంది. మొదట సాలెగూడు దారాల్లా అంచున కనిపిస్తుంది, వదిలేస్తే పూతను తినేస్తుంది, ఆ తర్వాత తుడిచినా మచ్చ పోదు. స్కోపుతో ఇచ్చిన తోలు సంచిలోనో, స్పాంజి పెట్టెలోనో వానాకాలమంతా మూసి ఉంచడం వల్లే నా దగ్గరకు వచ్చిన పరికరాలు ఎక్కువగా పాడయ్యాయి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. ఆ సంచులను నెలకోసారి వేడి చేసి తేమ వదిలించండి. ఉప్పుగాలి తగిలిన లెన్సును చొక్కా అంచుతో తుడవకండి, ఉప్పు రేణువులు పూతను గీస్తాయి. ముందు గాలి ఊది, మెత్తటి కుంచెతో దులిపి, ఆ తర్వాతే లెన్సు గుడ్డ. బైనాక్యులర్లకు, కెమెరాలకు కూడా ఇదే వర్తిస్తుంది కాబట్టి స్కోపు లేని మీ పాఠకులకు కూడా ఇది పనికొస్తుంది.

సంపాదకుల వారిని నేను కోరేది ఒక సవరణ. వేసవి సెలవుల శిక్షణ శిబిరాలు మొదలయ్యే లోపు, అదే ఆదివారం అనుబంధంలో, అంతే పెద్ద అక్షరాల్లో రెండు వాక్యాలు వేయండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపు నిషిద్ధమని ఒకటి, మన దేశంలో వన్యప్రాణుల వేట నేరమని రెండోది. మా వీధి ఆయన స్కోపును వెనక్కి తీసుకోవడానికి అమ్మినవారు ఇంకా ఒప్పుకోలేదు. మీ సవరణ కాగితం చేతిలో ఉంటే ఆయన మరోసారి అడుగుతానంటున్నారు.

భవదీయుడు,
విశ్రాంత దృశ్య పరికరాల మెకానిక్,
మర్రిపాలెం, విశాఖపట్నం.